వాపసిచ్చిన టాక్సీకి ఖర్చులు

మా ఆయన టాక్సీ వాపసిచ్చి వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ బాధపడలేదు. పద్నాలుగు నెలలు నడిపాడు. ఫైనాన్సు మీద తీసుకున్న పాత కారు. పెట్రోలు ధర పెరిగింది, బేరాలు తగ్గాయి, మెకానిక్ ఇంజను విప్పాలన్నాడు. ఆ మాట విని ఆయన నేరుగా చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటాక ఉన్న ఫైనాన్సు సేటు షెడ్డుకు కారు తోలుకుపోయి, తాళాలు బల్ల మీద పెట్టి, సిటీ బస్సెక్కి జహనుమాలో మా ఇంటికి తిరిగొచ్చాడు.

"బండి ఇచ్చేస్తే ఇప్పటిదాకా కట్టిన కిస్తులు వాళ్లయి. మిగిలినయి కట్టే పని లేదు. కాగితంల గట్లనే ఉన్నది," అన్నాడు.

అన్నం తిని పడుకున్నాడు. పెళ్లయ్యాక ఆయన పగటిపూట అంత హాయిగా నిద్రపోవడం అదే మొదటిసారి చూశాను.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. మాకు కాదు, మా అన్నకు. అన్న యాకుత్‌పురాలో ఉండేవాడు, సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. కారు తీసుకునేటప్పుడు మా ఆయనకు జమానతుగా సంతకం పెట్టింది ఆయనే. గడువుకు ముందే వాపసిచ్చిన కారుకు ఇన్ని రిపేర్లు పడ్డాయనీ, పదిహేను రోజుల్లో డబ్బు కట్టకపోతే జమానతు ఉన్నాయన జీతంలో పట్టుకొమ్మని ఫ్యాక్టరీకి రాస్తామనీ ఆ ఉత్తరంలో ఉంది.

అన్న అది పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. వెనకాలే వదిన. మామూలుగా అయితే వదిన రాగానే వంటింట్లోకి పోయి గిన్నెల మీద మూతలు తీసి చూస్తుంది. ఆ రోజు గడప దగ్గరే కూర్చుంది.

"చాయ్ పెడత వదినా," అన్నాను.

"చాయ్ తాగనీకి రాలే. జీతం కోస్తే ఇంట్ల ఏం వండాల్నో అడగనీకి వచ్చిన."

అన్న ఉత్తరం విప్పాడు. వెనక సీటు చినిగింది. ఎడమ తలుపుకు గీతలు. ముందు కుడి పక్క లైటు అద్దం పగిలింది, దాని చుట్టూ రింగుకు సొట్ట. బండి కడిగించినందుకు వేరే.

"గీతలు నాయే బావా," అన్నాడు మా ఆయన. "రిక్షా రాసుకపోయింది."

"లైటు మనం పగలగొట్టలే," అన్నాను నేను.

"మరి ఎవలు పగలగొట్టిన్రు?" అంది వదిన.

"పెద్ద సేటు."

ముగ్గురూ నా వైపు చూశారు. మా ఆయనకు కూడా గుర్తు లేదు. నాకు కారు తీసుకున్న ఆ పొద్దు మొత్తం గుర్తుంది. ఆ షెడ్డులో లెక్కలన్నీ చిన్న సేటు చూసేవాడు. కారు ఎవరు తీసుకున్నా కొబ్బరికాయ కొట్టి తాళాలు ఇచ్చేది మాత్రం ఆయన తండ్రి, పెద్ద సేటు. ఆయన చెయ్యి మంచిదని పేరు. వడ్డీ కాస్త ఎక్కువైనా ఆ చేతికోసమే జనం అక్కడికి పోయేవాళ్లు, మేమూ అట్లాగే పోయాం. అప్పటికే ఆయనకు చూపు తగ్గింది. బంపరు మీద కొట్టబోయిన కాయ లైటుకు తాకింది. అద్దం పగిలింది, కాయ పగల్లేదు. రెండో దెబ్బ నేల మీద కొట్టాడు. చిన్న సేటు పరుగెత్తుకొచ్చి, "ఏం ఫికర్ లేదు, లైటు నేను పెట్టిస్త," అన్నాడు. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

"గిదంత సేటు ముందల చెప్తవా?" అన్నాడు అన్న.

"జరిగింది చెప్పనీకి ఏంది?"

మర్నాడు నేను, మా ఆయన షెడ్డుకు పోయాం. అక్కడ ఇంకెవరో కారు తీసుకుంటున్నారు. బండికి పూలదండ వేసి, ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. ఆ ఇల్లాలి పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. పెద్ద సేటు కుర్చీలో కూర్చొని పిలుపు కోసం చూస్తున్నాడు.

చిన్న సేటు బల్ల ముందు నిలబడి చెప్పాను. "తలుపు గీతలు మాయే, కడతం. సీటు మేం తీస్కున్నప్పుడే చినిగి ఉండె, నేను దాని మీద దుప్పటి కుట్టి ఏసిన. లైటు మాది కాదు."

"బండి మీ దగ్గరుండె గదమ్మా. మీది కాకుంటే ఎవలది?"

"పెద్ద సేటుది."

చిన్న సేటు పెన్ను కింద పెట్టాడు. నేను మొదటి నుంచి చెప్పుకొచ్చాను, మొదటి దెబ్బ ఎక్కడ తాకిందో, రెండోది ఎక్కడో. పూలదండ దగ్గర మాటలు ఆగిపోయాయి. పళ్లెం పట్టుకున్నామె నా పక్కకు వచ్చింది.

"అక్కా, ఆ బండి ఇప్పుడెట్ల నడుస్తున్నది?"

"నడుస్తలేదమ్మా. వాపసిచ్చినం."

ఆమె పళ్లెంలోని కొబ్బరికాయ వైపు చూసింది.

"ఏమంటున్నది?" అని అరిచాడు పెద్ద సేటు. ఆయనకు సగం చెవుడు కూడా.

"ఏం లేదు బాపు, లెక్క."

"లైటు సంగతా? నేనే కొట్టిన. కాయ ముదిరి ఉండె. నా చెయ్యిది తప్పు కాదు." ఆయన ఆ మాట చౌరస్తా దాకా వినబడేట్టు చెప్పాడు.

చిన్న సేటు మమ్మల్ని లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. కాగితం మీద లైటు కొట్టేశాడు. తర్వాత సీటు కొట్టేశాడు. కడిగించిన ఖర్చు కూడా కొట్టేశాడు.

"గీతలు మాయే," అన్నాను.

"ఉండనియ్యమ్మా," అని అదీ కొట్టేశాడు.

"మా అన్న జమానతు కాగితం ఇయ్యండి."

"రేపు పంపిస్త."

"ఇయ్యాల్నే కావాలె. మీకు పని ఉంటే చేసుకోండి. మేం గా పూజ కాడ కూసుంటం."

అక్కడ బెంచీ ఉందనే అన్నాను. ఆయన వెంటనే లేచి బీరువా తెరిచాడు.

మేం బయటికి వచ్చేసరికి, కొబ్బరికాయ తామే కొట్టుకుంటామని ఆ ఇంటివాళ్లు పెద్ద సేటుకు ఎంతో మర్యాదగా నచ్చజెబుతున్నారు. ఆయన చేతిలో కాయ వదలడం లేదు.

అటు నుంచి అటే యాకుత్‌పురా పోయాం. అన్న కాగితాన్ని రెండు వైపులా చదివాడు, తన సంతకాన్ని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. తర్వాత దాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. వదిన దాని మీదే చాయ్ గిన్నె ఎక్కించింది. కాగితం మంటకు చాయ్ కాగలేదు, రెండు పుల్లలు పెట్టాల్సి వచ్చింది.

అందరం నేల మీద కూర్చున్నాం. వదిన లేచి పోయి డబ్బాలోంచి సకినాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఉత్తరం వచ్చాక ఆమె నాతో పలికిన మొదటి మంచి మాట, "తిను, చిక్కిపోయినవ్." నేను చిక్కలేదు, అయినా తిన్నాను.

"ఆటో అయితే పెట్రోలు తక్కువ తాగుతదంట బావా," అన్నాడు మా ఆయన.

వదిన గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "చాయ్ తాగన్నా," అంది.

అన్న చొక్కా జేబులో ఉన్న పెన్ను తీసి, లోపలి గదిలోకి పోయి గూట్లో పెట్టి వచ్చి కూర్చున్నాడు.