సీరియల్ అయ్యేదాకా

బాత్రూం గోడ కంతకు అట్ట ఎందుకు అడ్డం పెట్టానని ఫోన్లో అడిగావు కదా చిన్నీ, అక్కడ తేమ తగిలితే దానంతటదే తిరిగే ఫ్యాన్ ఉండేది. అది చెడిపోతే మీ తాత కొత్తది బిగించబోయారు. గోడ మీది స్విచ్ ఆపినా దాని సెన్సర్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది. మా కామాటిపుర చాల్‌లో వరుస గదులన్నిటికీ ఒకటే మెయిన్, అది ఆపితే పక్కింటికీ కరెంటు పోతుంది.

"మెయిన్ బంద్ చేసిన్రా?" అన్నాను.

"పక్కింటి వదినె సీరియల్ చూస్తున్నది. ఇప్పుడు బంద్ చేస్తే నన్ను కొడ్తది. నువ్వు చాయ్ పెట్టు," అని నవ్వారు.

చాయ్ పొంగకముందే స్టూలు పడిన చప్పుడైంది. పరుగెత్తి మెయిన్ ఆపాను.

"ఎవరే లైట్ బంద్ చేసింది? సీరియల్ అయిపోవచ్చింది!" అని వదినె అరిచింది.

అప్పటికే మీ తాత ప్రాణం పోయింది.

అయిపోవచ్చిన ఆ సీరియల్ పూర్తయ్యేదాకా ఆయన ఎందుకు ఆగలేదు?