గ్రేహౌండ్ల ఫారానికి మా అమ్మమ్మ పెళ్ళిచూపులు

మా చిన్నప్పుడు... కాన్సస్‌లో వేసవి ఉద్యోగానికి కూడా పెళ్ళిచూపులు జరిగాయంటే మీరు నమ్మరు. జరిగాయి. ఆ కార్లో వెనక సీట్లో నేనున్నాను.

ఎనభైల మొదట్లో మాట. అప్పుడు మేము విచిటాలో ఉండేవాళ్ళం. మా చర్చిలో తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. లత నా ప్రాణస్నేహితురాలు. దానికి పశువుల డాక్టరు కావాలని ఒకటే పిచ్చి. అబిలీన్ అనే ఊరి చుట్టుపక్కల పందేల కోసం గ్రేహౌండ్ కుక్కల్ని పెంచే ఫారాలు బోలెడు ఉండేవి... సెలవులన్నీ అక్కడే ఉండి పనిచేస్తే, ఆ అనుభవంతో కాలేజీలో ఆ చదువు దొరుకుతుందని దాని ఆశ. మూడు ఫారాల వాళ్ళు వచ్చి కనపడమన్నారు.

వాళ్ళ నాన్న మాత్రం తేల్చి చెప్పేశారు. "పెద్దవాళ్ళెవరైనా వెళ్ళి చూసి సరేనంటేనే. లేదంటే ఈ కుక్కల గోల మళ్ళీ నా దగ్గర ఎత్తొద్దు."

పెద్దవాళ్ళందరికీ ఆఫీసులు. ఖాళీగా ఉన్నది ఒక్కరే... ఆ యేడే రేపల్లె నుంచి వచ్చిన మా అమ్మమ్మ.

కొత్తగా లైసెన్సు వచ్చిన లత వాళ్ళ అన్నయ్య రవి డ్రైవింగ్. ముందు సీట్లో గంజిపెట్టిన వెంకటగిరి చీరలో అమ్మమ్మ, కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారియర్. వెనక లత, నేను. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే దుబాసీని. ఆ హోదా నాకు మహా ఇష్టంగా ఉండేది.

"రవీ, ఆ లారీవాడికి దారివ్వు నాయనా. వాడికేదో తొందరుంది."

మొదటి ఫారం... తీగ కంచెల మధ్య పొడుగ్గా దారులు, వాటిలో దుమ్ము లేపుకుంటూ కుక్కలు పరుగెత్తుతున్నాయి. లత, నేను నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. అమ్మమ్మ చూసింది మాత్రం వాటి పక్కటెముకలు.

"నోరులేని జీవాలకే తిండి పెట్టనివాడు మన పిల్లకేం పెడతాడు? పదండి."

గ్రేహౌండ్లు అలాగే ఉంటాయని ముగ్గురం మొత్తుకున్నాం. వింటేగా. యజమాని చెయ్యి చాపితే, ఒక దణ్ణం పెట్టి వచ్చి కార్లో కూర్చుంది.

రెండో చోట యజమాని లతతో "సోమవారం నుంచి వచ్చెయ్" అనేశాడు కూడా. అమ్మమ్మ అక్కడా ఎముకలు చూసింది. అక్కడా దణ్ణం పెట్టింది.

మళ్ళీ కారెక్కాక లత నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. "అమ్మమ్మగారు నో అంటే డాడీ ఇంక మారరు. మై లైఫ్ ఈజ్ ఓవర్."

నేను చూసుకుంటాను, నువ్వు ఊరుకో అన్నాను. మూడో ఫారం నడిపేది డాటీ అనే ఆవిడ, మా అమ్మమ్మ వయసే. కారు దిగీ దిగగానే నేనే వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను... మీరు కుక్కల్ని మాడుస్తారని మా అమ్మమ్మ అనుకుంటోంది, ముందు వాటి తిండి చూపించండి అని.

ఆవిడ కోప్పడలేదు. నేరుగా మేత కలిపే గదిలోకి తీసుకెళ్ళింది. పెద్ద తొట్టి... అందులో మాంసం, రవ్వలాంటి దాణా, ఉడికించిన కూరలు. మోచేతుల దాకా ముంచి కలుపుతూ, కాస్త పక్కకి జరిగి అమ్మమ్మకి చోటిచ్చింది.

అమ్మమ్మ కొంగు నడుముకి దోపి, గాజులు తీసి నా చేతిలో పెట్టింది. ఏటేటా ఆవకాయ కలిపిన చెయ్యి అది... ఇద్దరూ చెరోవైపు నిలబడి, ఒక్క మాట లేకుండా తొట్టి అంతా కలిపేశారు. పెట్టిందంతా కుక్కలు నిమిషాల్లో నాకేశాయి.

"ఇంత తినీ ఇలాగే ఉంటాయా?"

"వాటి పుట్టుకే అంత అమ్మమ్మా."

"మా మరిదిలాగా అన్నమాట" అంది. గట్టెక్కాం అనుకున్నాను.

చేతులు కడుక్కుంటూ అడిగింది... "పరుగెత్తలేని వాటిని ఏం చేస్తారో కనుక్కో."

లత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అడగొద్దని. జవాబేమిటో దానికి తెలుసు. అయినా అడిగాను.

డాటీ చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "ఇళ్ళకి ఇవ్వగలిగినన్ని ఇస్తాను. కొన్ని నేనే ఉంచుకుంటాను. మిగతావాటికి డాక్టరు చివరి సూది వేస్తాడు. అప్పుడు వాటి తల నా ఒళ్ళోనే ఉంటుంది."

ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను.

అమ్మమ్మ డాటీ వైపు చూడలేదు. లత వైపు తిరిగింది. "విన్నావుగా. ఇక్కడుంటే ఆ పనీ నీకు పడుతుంది. వాటి తల పట్టుకోగలవా?"

"తెలీదు అమ్మమ్మగారూ. కానీ... వాటిని వదిలేసి మాత్రం బయటికి వెళ్ళను."

"రవీ, పిల్లని ఇక్కడ ఉంచొచ్చని మీ నాన్నకి చెప్పు" అంది అమ్మమ్మ. "ఈవిడ మనకి అబద్ధం చెప్పలేదు."

ఆ వేసవి మధ్యలో ఒకరోజు లత ఫారం నుంచి ఫోన్ చేసింది. నన్ను కాదు, అమ్మమ్మని పిలవమంది. ఏం మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలీదు... అమ్మమ్మ గోడకానుకుని "ఊఁ... ఊఁ... చెప్పమ్మా" అంటూ చాలాసేపు నిలబడే ఉంది.

లత పశువుల డాక్టరైంది. ఆ ఫారాలు చాలావరకు మూతబడ్డాయి, అందుకు నాకేమీ బాధ లేదు. మొన్న మా అమ్మాయికి రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చింది... ఇంటర్వ్యూలన్నీ వీడియో కాల్లోనే. నేనొకసారి వెళ్ళి ఆ చోటు చూసొస్తానంటే "అమ్మా, ప్లీజ్, డోంట్" అంది.

జీతం బాగుంది, పిల్ల సంతోషంగా ఉంది. కానీ దానికోసం చీర గంజిపెట్టుకుని వెళ్ళి, ఎవరికీ అడగడానికి నోరు రాని మాట అడిగొచ్చే మనిషి లేదు... మీకుండేవారా అలాంటి పెద్దవాళ్ళు? ఏమడిగారో రాయండి, చదవాలనుంది.