ఎనిమిది చక్రాలకు అభిషేకం

మనిషికి రెండు పాదాలిచ్చి, వాటి పైన మోకాళ్లిచ్చి, ఆ మోకాళ్లను ముందుగా తన సన్నిధిలోనే వంచమని నేర్పిన దేవునికి స్తోత్రం. పడినవాళ్లను లేవనెత్తేవాడికి, పడబోతున్నవాళ్లను చూసి కూడా నవ్వకుండా ఉండగలిగేవాడికి మహిమ. యాభై దాటిన ఒక ఆడమనిషి మీద ఆయన చూపిన ఓర్పు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పాలని చాలాసార్లు లేచి నిలబడ్డాను. చక్రాల ప్రస్తావన రాగానే వెనక వరసల్లో నవ్వులు మొదలవుతాయి, ముందు వరసలో మా పాస్టరు అయ్యగారు గడియారం చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను.

మేముండేది కెనడాలో, టొరంటోకి దగ్గర మిల్టన్‌లో, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ టౌన్‌హౌసుల వరసలో. మా ఆయన కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను టొరంటోలో ఒక ఆఫీసుకి రైల్లో వెళ్లొస్తాను. అమ్మాయి గ్వెల్ఫ్‌లో చదువుకుంటోంది. ఆదివారాలు ఒక స్కూలు జిమ్‌ను అద్దెకు తీసుకుని కూడుకునే తెలుగు సంఘం మాది. అక్కడ పిల్లలకు సండే స్కూల్ పాఠం, స్త్రీల కూడికలో వాక్యం నా బాధ్యత. అలా సాగిపోతున్న రోజుల్లో, షుగరు వచ్చే గీత మీద నిలబడి ఉన్నానని, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. నడిచాను. నడక వల్ల ఆరోగ్యం వస్తుందో లేదో గానీ విసుగు మాత్రం వెంటనే వచ్చింది.

మా పక్కింట్లో ఒక రిటైర్డ్ నర్సు ఉంటుంది. పుట్టింది బార్బడోస్‌లో, ఉద్యోగమంతా కెనడాలో. అరవై దాటినా వెన్ను నిటారుగా ఉంటుంది. మంచు పూర్తిగా కరిగిన ఒక శనివారం పొద్దున ఆమె గ్యారేజీ తలుపు పైకి లేచింది. లోపలి నుంచి ఆమె నడిచి రాలేదు, జారుతూ వచ్చింది. ఒకే వరసలో నాలుగేసి చక్రాలున్న బూట్లు. చెత్తడబ్బా చుట్టూ ఒక చుట్టు చుట్టి, నా ముందు ఆగి, "వస్తావా?" అంది. ఇంగ్లీషులో ఆమె అన్నది ఆ ఒక్క మాటే. తర్వాతి శనివారానికి నేనూ అలాంటి బూట్లు కొనుక్కుని ఆమె వెంట బయల్దేరాను.

ఐస్ రింకు వెనక ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో వాళ్లు కూడుకునేవారు. కూడుకోవడం అనే మాట కావాలనే వాడుతున్నాను, అది కూడా ఒక సంఘమే. ఐస్ లేని నెలల్లో ఆగలేని హాకీ కుర్రాళ్లు ఒక మూల కర్రలతో బంతిని తరుముతుంటారు. ఒక బట్టతల పెద్దమనిషి చిన్న చిన్న ప్లాస్టిక్ కోన్‌ల మధ్య నుంచి సూదిలో దారంలా దూరి వెళ్తుంటాడు. పాటల డబ్బా పెట్టుకున్న ఆడవాళ్లు వెనక్కి వెళ్తూ కూడా ఎదురుగా చూస్తున్నంత నిబ్బరంగా కబుర్లాడుకుంటుంటారు. వాళ్ల దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరైనా పడితే పరుగెత్తుకొచ్చి లేపరు. చేతులకున్న గట్టి రక్షలను టకటకా కొట్టి శబ్దం చేస్తారు. పడినందుకు చప్పట్లన్నమాట. మొదటి రోజు నా చున్నీ చక్రంలో చుట్టుకుని నేను కూలబడినప్పుడు, ఆ స్థలమంతా వడగళ్ల వాన పడ్డట్టు మోగింది.

ఈ వార్త ఆదివారం భోజనాల వరసలో నాకంటే ముందే కూర్చుని ఉంది.

"వందనాలు అక్కా. చక్రాల బూట్లేసుకుని తిరుగుతున్నావంట, నిజమేనా?"

"నిజమే చెల్లీ."

"బావగారు ఏమీ అనలేదా?"

"అన్నారు. ఇన్సూరెన్సు కవర్ చేస్తుందో లేదో చూడమన్నారు."

పక్కన బిర్యానీ వడ్డిస్తున్న పెద్దావిడ గరిటె ఆపింది. "ఈ వయసులో మోకాళ్లు ప్రార్థనకి దాచుకోవాలమ్మా."

"దాచుకోడానికే కదాంటీ, ప్యాడ్స్ కొనుక్కున్నాను."

ఆ ఏడాదంతా నేర్చుకున్నాను. ఆగడం ఎక్కువగా నేర్చుకున్నాను. కుడి బూటు మడమ దగ్గర ఒక రబ్బరు ముక్క ఉంటుంది, అదే బ్రేకు. కుడికాలు ముందుకు చాచి, వేళ్లు పైకెత్తితే అది నేలను రాసుకుని బర్రుమంటుంది, మనిషి ఆగుతుంది. ఆ శబ్దం నాకు కీర్తన కంటే తక్కువగా ఏమీ అనిపించేది కాదు.

తర్వాతి చలికాలంలో పక్కింటామె ఒక సంగతి చెప్పింది. ఏటా ఒక శనివారం పొద్దున వాళ్ల ద్వీపంలో, ఆమె పుట్టిన ఊరి దగ్గర, కొండ మీంచి సముద్రం దాకా దిగే రోడ్డు మీద కార్లను కాసేపు ఆపేస్తారట. ఆ ప్రాంతపు స్కేటర్లంతా కలిసి దిగుతారట. "ఈసారి నువ్వూ రా. కానీ పైన ఒక పరీక్ష ఉంటుంది. గీత లోపల ఆగలేనివాళ్లను దిగనివ్వరు. మంచినీళ్ల సీసాలతో పాటు వ్యాన్‌లో కూర్చోబెట్టి కిందికి తీసుకొస్తారు."

నేను పెళ్లికో, చావుకో, సువార్త సభలకో తప్ప ఎక్కడికీ ప్రయాణం చేసినదాన్ని కాదు. నా కోసం నేను ఏదీ అడిగినదాన్ని కాదు. ఆ రోడ్డు మాత్రం కావాలనిపించింది. సముద్రం వైపు నా కాళ్ల మీద నేను దిగాలి, మంచినీళ్ల సీసాలతో కలిసి కాదు. ప్రార్థనలో ఇంత చిన్న కోరిక పెట్టొచ్చా అని సిగ్గుపడుతూనే రోజూ పెట్టాను.

అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "అమ్మా, యూ ఆర్ గోయింగ్ టు స్కేట్? ఇన్ పబ్లిక్?" అంది.

"లేదమ్మా, సముద్రం అడుగున."

మా ఆయన రెండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి వచ్చి, "లీవ్ అప్లై చేశా. నేనూ వస్తున్నా. నువ్వు పడితే తెలుగులో ఏడుస్తావు, అక్కడెవరికి అర్థమవుద్ది?" అన్నారు.

ఇక్కడ మా సంఘపు ఆచారం ఒకటి చెప్పాలి. మాలో కొత్త కారు కొన్నవాళ్లు షోరూం నుంచి నేరుగా ఇంటికి వెళ్లరు. అయ్యగారి ఇంటి ముందు ఆపుతారు. ఆయన బయటికొచ్చి, బానెట్ మీద ఒక చుక్క ఆలివ్ నూనె రాసి, ప్రార్థన చేస్తారు. చలికాలంలో గ్లౌజు తీసి, చుక్క పెట్టి, మళ్లీ గ్లౌజు తొడుక్కుని "ఆమేన్" అంటారు. ప్రయాణానికి ముందు శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక మా ఆయన నా స్కేట్స్ తెచ్చి టీపాయ్ మీద పెట్టారు.

"అయ్యగారూ, వీటికీ చేస్తారా?"

"ఇవి బండి కిందికొస్తాయా బాబూ?"

"చక్రాలు ఎనిమిదున్నాయండి. నా కారుకి నాలుగే."

అయ్యగారు నవ్వారు. ఎడమ బూటు బకిల్ మీద ఒక చుక్క పెట్టి, తిన్నగా వెళ్లి తిన్నగా తిరిగి రావాలని ప్రార్థించారు. అందరం ఆమేన్ అన్నాం. అందరూ వెళ్లాక మా ఆయన బూటును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒక్క చుక్కేనా? అది బకిల్ దగ్గరే ఆగిపోయింది, చక్రం దాకా పోలా."

నేను నవ్వి, బూట్లు సూట్‌కేసులో సర్దేశాను.

ద్వీపం మీద దిగగానే మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది, అక్కడ బండ్లు మన దేశంలోలా ఎడమవైపు నడుస్తాయి. "చూశావా, ఇదీ సరైన రోడ్డంటే" అని ప్రతి మలుపులోనూ చెప్పారు. అక్కడివాళ్లు శుభోదయం చెప్పకుండా మాట మొదలుపెట్టరు. దారి అడగాలన్నా, అరటిపళ్లు కొనాలన్నా ముందు గుడ్ మార్నింగ్ అనాల్సిందే. ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ వందనాలు చెప్పి అలవాటున్న మాకు ఇది సొంత ఊరిలా అనిపించింది.

శనివారం పొద్దున కొండ మీద అందరం కూడాం. పరీక్ష పెట్టేది మెడలో విజిల్ వేసుకున్న ఒక పాత వ్యాయామ మాస్టారు. ఏటవాలుగా ఉన్న చోట సుద్దతో గీత గీశాడు. ఆ గీత అవతల ఒకావిడ బండి మీద చేపల వడలు వేయిస్తోంది. నా వంతు వచ్చింది. మిల్టన్‌లో ఎన్నోసార్లు చేసిన పనే. జారాను, కుడికాలు చాచాను, వేళ్లెత్తాను.

బర్రుమనలేదు.

నెయ్యి మీద వేలు జారినంత మెత్తగా గీత దాటాను. విజిల్ దాటాను. వడల బండి దగ్గర ఆవిడ రెండు చేతులూ చాచి నన్ను పట్టుకుని, ముందు "గుడ్ మార్నింగ్" అంది, తర్వాత "దెబ్బ తగిలిందా?" అంది.

మాస్టారు రెండో అవకాశం ఇచ్చాడు. రెండోసారి ఇంకా వేగంగా వెళ్లాను. "మళ్లీ గుడ్ మార్నింగ్" అందావిడ.

మాస్టారు జాలిగా చూశాడు. "సిస్టర్, వ్యాన్."

రోడ్డు పక్కన కూర్చున్నాను. కళ్లు నిండిపోయాయి. ప్రభువా, నేనడిగింది రాజ్యమా, సింహాసనమా, ఒక రోడ్డు కదా అనుకున్నాను. అంతలో మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఏం భయపడకు. ఇంకోసారి అడుగు. ఈసారి ఆగుద్ది. పొద్దున్నే నేను గట్టిగా చేశా."

"ఏం చేశారు?"

"ప్రార్థన."

"ప్రార్థన గట్టిగా చేయడమేంటండీ?"

ఆయన జేబులోంచి చిన్న సీసా తీశారు. రోగుల కోసం ప్రార్థించడానికి మేము వెంట తీసుకెళ్లే ఆలివ్ నూనె సీసా. ఖాళీగా ఉంది.

"చక్రానికో చుక్క రాశా. బ్రేకుకి మాత్రం మిగతాదంతా పోశా. ఆపాల్సింది అదే కదా!"

నేను ఆ క్షణంలో అన్న మాటలు స్త్రీల కూడికలో వాక్యం చెప్పే నోటి నుంచి రాదగినవి కావు, అందుకే ఇక్కడ రాయను. పక్కింటామె చక్రాల మీద వచ్చి, "ఏమంటున్నాడు?" అంది.

"నా బ్రేకును ఆశీర్వదించాడంట. నూనెతో."

ఆమె నవ్వి నవ్వి నా పక్కనే రోడ్డు మీద కూలబడింది. ఆ చప్పుడుకి అక్కడున్నవాళ్లంతా అలవాటు ప్రకారం చేతి రక్షలు టకటకలాడించారు. వడలావిడ వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు తెచ్చి పెట్టింది. మా ఆయన మాత్రం కదల్లేదు.

"కడిగితే అభిషేకం పోద్దేమోనే. అయ్యగార్ని ఒక్క మాట అడుగుతా."

"ఇప్పుడా? వాళ్లంతా వరసలో నిలబడ్డారండీ!"

ఆయన అప్పటికే మిల్టన్‌కి ఫోన్ కలిపారు. స్పీకర్లో అయ్యగారి గొంతు కొండంతా వినిపించింది. "కడగండి బాబూ, కడగండి! బ్రేకుకి నూనె పోస్తారా ఎవరైనా? రాపిడిని పుట్టించింది కూడా దేవుడే కదయ్యా!"

మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఎనిమిది చక్రాలూ తోమారు. కొత్త తువ్వాలు పాడైపోయింది. చక్రాలు శుభ్రపడ్డాయి గానీ రబ్బరు ముక్క నూనె పీల్చేసుకుంది, ఎంత రుద్దినా వేలికి అంటుకుంటోంది. పక్కింటామె తన బూటు విప్పి, చిన్న స్పానర్‌తో తన బ్రేకు ఊడదీసింది. "మరి నువ్వు?" అన్నాను. "నేను చిన్నప్పటి నుంచి కాలు అడ్డం పెట్టి ఆపుకుంటున్నా. ఇది ఊరికే వేలాడుతోంది, తీసుకో" అని నా మడమకు బిగించింది.

మాస్టారు గడియారం చూసుకున్నాడు, వరస చూశాడు, తడిసిన చొక్కాతో నిలబడ్డ మా ఆయన్ని చూశాడు. "ఒక్కసారే, సిస్టర్."

జారాను. కాలు చాచాను. బర్రుమంది. గీత ఇవతల, బెత్తెడు దూరంలో ఆగాను. వడలావిడ "ఈసారి రావా?" అంది నిరాశగా.

విజిల్ మోగింది. ముందు కుర్రాళ్లు వెళ్లిపోయారు, తర్వాత ఆడవాళ్లు, చివర్లో నేను. నా వెనకే మెల్లగా వ్యాన్. అందులో, నీళ్ల సీసాల మధ్య, కిటికీ దించుకుని మా ఆయన. ఆయన తెలుగులో బిగ్గరగా ప్రార్థిస్తుంటే, భాష తెలియకపోయినా డ్రైవరూ, పరీక్ష తప్పిన ఇద్దరూ ప్రతి వాక్యానికీ ఆమేన్ అంటున్నారు. మొదటి మలుపు దాటాక ఆ గొంతులు వినబడలేదు. గాలి మాత్రమే వినబడింది. రెండు పక్కలా చెరకు తోటలు, ఎదురుగా నీలం. భయం వేసింది. భయంతో పాటే ఒక ఆనందం కూడా, వేరు చేసి చూపించలేనిది. బ్రేకు వేశాను, వదిలాను, వేశాను. రోడ్డు నన్ను తిన్నగా సముద్రం దగ్గరికి తెచ్చి వదిలింది. ఇసుక మొదలయ్యే చోట ఆగాను.

ఏ కూడికలోనైనా నాకు మాటలకు కొదవ ఉండదు. అక్కడ స్తోత్రం అన్న మాట కూడా రాలేదు. ఊపిరి మాత్రమే వచ్చింది, దాన్నే ఆయన అంగీకరించాడని నమ్ముతున్నాను.

వ్యాన్ వచ్చి ఆగింది. మా ఆయన దిగి నన్ను తల నుంచి చక్రాల దాకా చూసుకున్నారు. డ్రైవరు అరిచాడు, మళ్లీ దిగాలనుకునేవాళ్లను పైకి తీసుకెళ్తానని. నేను అందరికంటే ముందు ఎక్కి నీళ్ల సీసాల మధ్య కూర్చున్నాను.

"రెండోసారి అవసరమా?" అన్నారు మా ఆయన, నా పక్కన సర్దుకుంటూ.

"అవసరం లేదండీ. ఆశ."

చదువుతున్న మీరు ఎక్కడున్నా సరే, కుర్చీలోనో రైల్లోనో, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో గొంతు కలపండి. తండ్రీ, అడగడానికి సిగ్గుపడేంత చిన్న కోరికను ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్నవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఆ కోరికను నీ ముందు పైకి చెప్పే ధైర్యం వాళ్లకివ్వు. అది నీకు సమ్మతమైతే, దారి కూడా చూపించు. ఆమేన్ మీరే చెప్పండి.