కాంతమ్మ సాక్ష్యం

అమరచింతలో మా చర్చి సంఘమంతటికీ కాంతమ్మ మొండిదని తెలుసు. ప్రార్థనలో కూడా దేవుణ్ణి అడగదు, నిలదీస్తుంది.

2006 ఎండాకాలంలో ఆమె భర్త దేవదాసు పుణెలో కట్టుబడి పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. మూడు నెలలు దవాఖానలో ఉండి, ఇక నడిచేది లేదని డాక్టర్లు తేల్చాక ఇంటికొచ్చాడు. వచ్చిన రోజే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. పాస్టరయ్య వస్తే దుప్పటి ముసుగేసుకునేవాడు. రెండు ముద్దలు తింటే ఆ రోజు కాంతమ్మకు పండగే. కాళ్లు పోతే పోయాయి, మనిషే పోతాడేమోనని ఆమె భయం.

ఆదివారం ఆరాధనలో దేవుడు మేలు చేసినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం మా అలవాటు. దసరా ముందు ఆదివారం, ఏ మేలూ జరగని కాంతమ్మ లేచింది.

"దేవుడు మా ఆయన్ని నడిపిస్తుండు. స్తోత్రం," అని కూర్చుంది.

పాస్టరయ్యకు అర్థం కాలేదు. "ఏం మేలు జరిగిందమ్మా?" అన్నాడు ఆరాధన అయ్యాక.

"ఊపిరితోని ఉన్నడు గద అయ్యగారూ. కడమది గూడ ఆయనే చూసుకుంటడు."

మా విశ్వాసుల భాషలో దేవుడు నడిపించడమంటే కష్టంలో దారి చూపడం. రోజూ అనే మాటే. కానీ ఆ రోజు ఆత్మకూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన జంగమ్మ అది కాళ్ల సంగతి అనుకుంది. పడిపోయినోడు లేచి నడుస్తున్నాడని ఊరికెళ్లి చాటింది.

మర్నాడు పొద్దున్నే ఆటో నిండా జనం దిగారు. ప్రార్థన చేయించుకోవడానికి చేతుల్లో కొబ్బరినూనె సీసాలు. కురుమయ్య అనే ముసలాయన పక్షవాతం వచ్చిన భార్యను భుజాన మోసుకొచ్చాడు. పక్కింటిదాన్ని, నేనూ పరుగెత్తాను.

"నడుస్తుండంట గద, జర బయటికి పిలువు చెల్లే," అంది జంగమ్మ.

కాంతమ్మ మొహం పాలిపోయింది. "నేనన్నది గట్ల కాదక్కా..." అంటుండగానే లోపలినుంచి కేక వినపడింది.

"లోపటికి రమ్మను అందర్ని!"

ఇంటికొచ్చాక దేవదాసు గొంతు నేను వినడం అదే మొదలు. అందరం గుమ్మంలో నిలబడ్డాం. ఎండిపోయిన కాళ్ల మీది దుప్పటి తనే లాగేశాడు.

"చూసిండ్రా? నేను నడుస్తలేను. ఇగ నడువ."

కురుమయ్య ఏడ్చేశాడు. పాపం, అంత ఆశతో వచ్చాడు. నాకైతే జంగమ్మను కడిగిపారేయాలనిపించింది. దేవదాసు మాత్రం కురుమయ్య భుజాన వేలాడుతున్న ఆ ముసలమ్మను చూస్తూ ఉండిపోయాడు.

"అన్నా, ఆమెను గీ మంచం మీద కూసోబెట్టు," అన్నాడు చివరికి. "పండుకున్నకాడ పుండ్లు కాకుండ ఎట్ల తిప్పాల్నో మా ఆమె చూపిస్తది. ప్రార్థన నేను చేస్త."

చేశాడు. మాటలు సరిగా రాలేదు, మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. కాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కళ్లు మూసుకోవడమే మరిచిపోయాను.

ఆటో వెళ్లిపోయాక అన్నం అడిగి తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ భార్యతో అన్నాడు:

"వచ్చే ఐతారం నన్ను బండి మీద మందిరానికి తీస్కపో."

"ఎందుకయ్యా?"

"సాక్ష్యం నేను చెప్త. నీకు చెప్పనీకి రాదు."