నష్టంలేని తీగ, మునెమ్మ ఆవు

ఉదయం ఆరుంపావుకు బెంగళూరులో రైలెక్కాను. సంచిలో జానెడు తీగపట్టీ, మీటరు, బ్యాటరీ, నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం మూడింటికి గనుల ఊరి కాలేజీలో పిల్లలకొక వింత చూపించాలి. ఈ పట్టీని విపరీతంగా చల్లబరిస్తే, ఒకే దిక్కున పారే డీసీ కరెంటు దారిలో ఏమీ నష్టపోకుండా సాగిపోతుంది. ఇలాంటి తీగలు నేలలో పాతి ఎంత దూరమైనా కరెంటు పంపవచ్చని నా ఉబలాటం. చల్లబరిచే ద్రవ నైట్రోజన్ క్యాన్‌ను ముందురోజే వ్యానులో పంపించాను.

ఎనిమిదికి బంగారుపేట. కాఫీ తాగి గనుల ఊరికి పోయే చిన్న రైలు ఎక్కితే, తొమ్మిదికి గనుల్లోంచి తోడిన మట్టి దిబ్బలు కనిపించాయి.

కాలేజీలో క్యాన్ ఖాళీ! అటెండరు సెల్వం ఒకప్పుడు గనిలో పనిచేసినవాడు.

"మూసిన రూములో పొగ వచ్చింది సార్. గనిలో అట్ల వస్తే ఊపిరాడక పోతారు. బయట పారబోసినాను."

తిట్టబోయి ఆగాను. మూసిన గదిలో ఆ ఆవిరి నిజంగానే ప్రాణం తీస్తుంది. గదికి తాళం వేయమన్న తెలివి నాదే!

"ఆవులకు సూదేసే రామప్ప దగ్గర ఉండాది సార్ ఆ పొగ," అని సెల్వమే ఖాళీ క్యాన్ ఎత్తుకున్నాడు. పదిన్నరకు బేతమంగళం బస్సెక్కి, దారిలో ఒక రాగి చేను పక్కన, రామప్ప కొట్టం దగ్గర దిగాము.

ఎద్దుల వీర్యం గొట్టాలను రామప్ప ఆ ద్రవంలోనే దాస్తాడు. పుల్ల ముంచి చూస్తే నాలుగు వేళ్ళ లోతే ఉంది. కొత్తది రేపు గానీ రాదు. ఎదకొచ్చిన ఆవుతో ఆ చేనుగల మునెమ్మ అక్కడే ఎదురుచూస్తోంది.

"రెండుసార్లు చూలు నిలవలేదప్పా. ఈసారీ తప్పితే మావాళ్ళు దీన్ని సంతకు తోలేస్తారు. ఇంగ నీకెందుకిది?"

చెప్పాను. ఆమె తలెత్తి చేను మీది పెద్ద టవర్లను చూసింది.

"యాడనుంచో వస్తాదంట ఆ కరెంటు. మా నెత్తిన పోతాది, మా మోటారుకు దిగదు. నీ తీగ దిగుతాదా?"

మూడింటికి కాలేజీలో తీగను చూపిస్తానన్నాను. రామప్ప ముందు ఆవు పని ముగించి, మిగతా గొట్టాలు మునిగేంత ఉంచి, నాకొక చెంబెడు వంచాడు. "చూస్తా పదప్పా," అని మునెమ్మ ఆవును కోడలికి అప్పగించి మాతో బస్సెక్కింది.

మూడింటికి కిటికీలన్నీ తెరిపించి పట్టీ ముంచాను. తీగలో నష్టాన్ని చూపే మీటరు ముల్లు జారి సున్నా మీద నిలిచింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కాసేపటికి ద్రవం ఆవిరై ముల్లు మళ్ళీ లేచింది.

"పొగ అయిపోతే తీగా అయిపోయినట్టేనా?" అంది మునెమ్మ.

"ఎప్పుడూ చల్లబరుస్తుండాలమ్మా. దానికీ కరెంటు కావాలి."

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కాస్త సిగ్గుగా. గేటు దగ్గర ఆవు సంగతి కార్డు రాయించమని చిరునామా ఇచ్చాను.

"నా ఆవుది మూడు నెలలకు తెలుస్తాది. నీ తీగ మా చేనికి యా నెలలో దిగుతాదో నువ్వూ రాయి."

సాయంత్రం ఐదున్నర బండిలో కూర్చుని, ఆమెకు జవాబు రాద్దామని ఒక పోస్టుకార్డు బయటికి తీశాను. బంగారుపేట దాటేసరికి దాని మీద ఆమె పేరు, ఊరు మాత్రమే ఉన్నాయి.