స్లాబు కింద రేడియో

నాకు అనుమానం ఎక్కువ. పాలు కొలిచేటప్పుడు చెంబులోకి తొంగిచూసే రకం. సుబేదారిలో ఇల్లు కట్టేటప్పుడు, మేస్త్రి ఇనుము మిగుల్చుకుంటాడని స్లాబు పోసేదాకా గొడుగు పట్టుకుని కాపలా కూర్చున్నాను. చువ్వలు ఎడంగా కనిపించిన చోటల్లా మధ్యలో ఇంకొన్ని వేయించాను.

"ఇల్లు గడ్తాన్రా సారూ, జైలు గడ్తాన్రా?" అన్నాడు మేస్త్రి.

కొత్తింట్లోకి రాగానే మా బ్యాటరీ రేడియో మూగబోయింది. పాత గూన పెంకుల ఇంట్లో వీధి చివరిదాకా వినపడేది, ఇక్కడ గరగర తప్ప ఏమీ లేదు. కాశిబుగ్గలో రేడియోలు బాగుచేసే నా చిన్ననాటి దోస్తు దగ్గరికి తీసుకెళ్లాను. ధర్మసాగర్ చెరువులో నాకు ఈత నేర్పినవాడు. వాడి పెంకుల కొట్టులో తిప్పగానే వార్తలు ఖంగుమన్నాయి.

"మంచిగనే ఉన్నది గదరా" అన్నాడు. ఇంటికి తెస్తే మళ్లీ గరగర.

రెండోసారీ అంతే. అప్పుడు అనుమానపు పురుగు తొలిచింది. లోపలి మంచి సామాను తీసుకుని పాతది బిగిస్తున్నాడేమో! మూడోసారి ఇచ్చేముందు వెనక అట్ట విప్పి, మా ఆవిడ గోళ్లరంగుతో ప్రతిదాని మీదా ఎర్రచుక్క పెట్టాను. తిరిగొచ్చాక చూస్తే చుక్కలన్నీ ఉన్నాయి. నా బుద్ధి ఎంత వంకరంటే, అదే రంగు కొని వాడే పెట్టాడేమో అనుకున్నాను.

రేడియో పట్టుకుని తిన్నగా కొట్టుకు వెళ్లి అడిగేశాను. "ఇంటికి పోంగనే ఎందుకు సస్తాందిరా? ఏం తీసినవ్ లోపల్నుంచి? సుక్కలు గూడ నువ్వే పెట్టినవా?"

వాడు నా మొహం చూశాడు. రేడియో చంకన పెట్టుకుని నాతో ఇంటికి వచ్చాడు. నడిమి గదిలో గరగర. వరండాలోకి అడుగు పెట్టగానే పాట. మళ్లీ లోపలికి వస్తే గరగర.

"ఎంత ఇనుము ఏయించినవ్రా పైన?"

చువ్వల లెక్క గొప్పగా మొదలుపెట్టి, సగంలో గొంతు తగ్గించాను.

"గా ఇనుప సలాకలే సిగ్నల్ రాకుంట ఆపుతానయ్. పెంకులు ఆపయి" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. చాయ్ తాగి పొమ్మన్నాను. వాడు చెప్పులేసుకున్నాడు.

"ఎర్రసుక్కలు నేను అప్పుడే జూసిన్రా. మీ పిల్లలు ఆడుకున్నరనుకున్న."

ఆ రోజు నుంచి రేడియో వరండాలోనే పాడింది. వాడు ఎప్పుడైనా ఇటు వస్తే అక్కడే కాసేపు కూర్చునేవాడు. లోపలికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.