బోర్డరు బయటికే

ఫిల్మ్‌నగర్‌లో పోస్టర్లు చేసే ఆఫీసులో నాకు పని నేర్పిన అక్క, ఏ ఫొటోకైనా బోర్డరు వేసే ముందు స్క్రీను మీద దాని నాలుగు అంచులనూ వేలితో నెమ్మదిగా తడిమేది. కర్టెనులోంచి పడే మధ్యాహ్నపు ఎండలో ఆ వేలు కలలో కదిలినట్టుండేది.

ఒకసారి షూటింగు ముగిసిన రోజున తీసిన గ్రూప్ ఫొటో వచ్చింది. నేను మందంగా బంగారు రంగు బోర్డరు వేశాను. కుడి చివర నిలబడ్డ, అన్నం వడ్డించే ఆమె దానికింద సగం మునిగిపోయింది.

"పోతే పోనివ్వండి, ఆమెనెవరు చూస్తారండీ," అన్నాడు మేనేజరు.

"పిలిస్తేనే వచ్చి నిలబడ్డది గద సార్. ఇప్పుడు పొమ్మని ఎట్ల అంటం?" అంది అక్క.

చుట్టూ ఖాళీ జాగా పెంచి, బోర్డరును ఫొటో బయటికి జరిపింది. వడ్డించే ఆమె గరిటెతో సహా నీళ్లలోంచి తేలివచ్చినట్టు కనిపించింది. ఫ్రేములో పట్టదని విసుక్కున్నా, మేనేజరు చివరికి పెద్ద ఫ్రేమే తెప్పించాడు.

అక్క కబురు పెడితే ఆమె రహమత్‌నగర్ నుంచి వచ్చి, ఆఫీసు గోడకు తగిలించిన ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

"మా ఇంట్ల నమ్మరు బిడ్డా. జర నా ఫోన్‌ల తీసియ్యవా?" అని నన్నడిగింది.

నేను ఫోను ఎత్తగానే అక్క నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"ఇంక జర ఎనుకకు రా. ఫొటోల ఉన్నామె, ముందరున్నామె, ఇద్దరూ రావాలె."